బర్రెనడిగి చెప్త

గండయ్య ఏ పని చేయాలన్నా ముందు తన బర్రెనడుగుతాడు. ఆ ఒక్కటి తప్పిస్తే మనిషిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. కల్లు తాగుతాడు గానీ తాగి ఎవరినీ తిట్టడు. తిడదామని అనిపించినా బర్రెనడగాలి కదా, ఇల్లు చేరేలోపు కోపం కాస్తా దిగిపోతుంది.

నార్కట్‌పల్లి దగ్గర సడక్ దిగి, గుట్టల నడుమ బండ్లబాట పట్టిపోతే రాళ్లగూడెం వస్తుంది. గండయ్య వాళ్లకు అక్కడ తాతల నాటి నుంచీ పశువులే బతుకు. చెలక లేకపోలేదు గానీ, దాంట్లో జొన్నలకంటే రాళ్లే బాగా కాసేవి. అందుకని ఎడ్లు, ఆవులు, బర్రెలు పెంచి, నెయ్యి, దూడలు అమ్ముకుని ఇల్లు గడుపుకునేవారు. ఆ బర్రెల్లో నొసట తెల్లమచ్చ ఉన్నది చుక్కి. గండయ్య సలహా అడిగేది దాన్నే. మిగతా పశువులను అడగడు. వాటికి అంత తెలివి లేదంటాడు.

అడగడానికి ఒక పద్ధతుంది. కొట్టంలోకి వెళ్లి, చుక్కి మెడ కింద గోకుతూ, చెవి దగ్గర వంగి ఏదో గొణుగుతాడు. తరవాత చేతులు కట్టుకుని నిలబడతాడు. చుక్కి నెమరేస్తుంది. కాసేపటికి గండయ్య తల పంకించి, బయటికొచ్చి జవాబు చెబుతాడు. ఏ సైగకు ఏ అర్థమో కనిపెట్టాలని ఊళ్లో చాలామంది దడి సందుల్లోంచి చూశారు. తోక ఆడిస్తే సరేనన్నట్టని కొన్నాళ్లు నమ్మారు. ఒకసారి తోక బాగా ఆడించి కూడా వద్దన్నదని తెలిశాక ఆ పరిశోధన మానుకున్నారు.

గండయ్య కోడలు రాజమణికి ఈ సంగతి పెళ్లిచూపులనాడే తెలిసింది. వాళ్లది భువనగిరి పక్క ఊరు. గండయ్య, అతని భార్య నర్సింగమ్మ, కొడుకు భిక్షం బండి కట్టుకుని వచ్చారు. పిల్లను చూశారు, భోజనాలు చేశారు. రాజమణి తండ్రి మారయ్య తమలపాకుల పళ్లెం ముందుకు జరిపి, "ఏమంటవు బావా?" అన్నాడు.

"పిల్ల నచ్చింది. ఇల్లు నచ్చింది. మీరు పెట్టిన బువ్వ గూడ మంచిగుంది" అన్నాడు గండయ్య. "బర్రెనడిగి చెప్త."

మారయ్య తనకు సరిగ్గా వినపడలేదనుకున్నాడు. "ఎవర్నడిగి?"

"బర్రెను."

"అంటే… మీ ఇంట్ల పెద్దమనిషా?"

"పెద్దదే. రెండు ఈతలైనయి."

నర్సింగమ్మ గోడకేసి చూసింది. భిక్షం తన కాలి బొటనవేలును మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. తలుపు చాటునుంచి రాజమణి అంతా విన్నది. రంగు తక్కువని వద్దన్న సంబంధాలున్నాయి, పేరు కలవలేదని వద్దన్నవీ ఉన్నాయి. బర్రె వద్దన్నదని తప్పిపోతే ఊళ్లో ఎవరికి ఏమని చెప్పుకోవాలి?

వారం తిరక్కుండా కబురొచ్చింది. బర్రె ఒప్పుకుంది. అయితే కోతలయ్యాకే పెళ్లి పెట్టమన్నది. మారయ్య కోపంతో ఊగిపోయాడు గానీ, ఆయన భార్య మాత్రం నింపాదిగా, "ఊకో. అత్తకు నచ్చకున్నా ఫికర్ లేదు. పాలిచ్చేదానికి నచ్చింది" అన్నది.

కాపురానికి వచ్చిన నాడు గడపలో హారతి అయిందో లేదో, గండయ్య కోడలిని నేరుగా కొట్టానికి తీసుకుపోయాడు. "చుక్కీ, గీమెనే" అన్నాడు. చుక్కి రాజమణిని కిందినుంచి పైదాకా వాసన చూసి, జడలో పూలదండ లాగి తినేసింది.

"నచ్చినవు బిడ్డా" అన్నాడు గండయ్య.

రాజమణి మొగుడిని చాటుకు పిలిచి అడిగింది. "మీ బాపుతోటి గిన్నేండ్లు ఎట్ల వేగినవు?"

భిక్షం కొట్టం వైపు చూశాడు. "బర్రె మంచిదే" అన్నాడు.

పంచాయతీ ఎన్నికలొచ్చాయి. ఊళ్లో ఇద్దరు నిలబడ్డారు. మొదటాయన వచ్చి గండయ్య చేతులు పట్టుకున్నాడు.

"అన్నా, మీ ఇంటి ఓట్లు నాకే పడాలె."

"బర్రెనడిగి చెప్త."

మొదటాయన లోకజ్ఞానం గలవాడు. మర్నాడు పల్లిచెక్క మూట భుజాన వేసుకుని నేరుగా కొట్టంలోకే పోయాడు. చుక్కికి తినిపిస్తూ, గెలిస్తే ఊరికి బోరింగు వేయిస్తాననీ, బడి కట్టిస్తాననీ వివరంగా చెప్పాడు. ఈ సంగతి తెలిసి రెండో ఆయన పత్తిగింజలు తెచ్చాడు. ఆయన మాటకారి. బర్రె ముందు నిలబడి మొదటాయన వంశమంతా తిట్టాడు. చుక్కి పత్తిగింజలు తిని, తొట్లో మొహం పెట్టి కుడితి తాగింది. రోజూ ఇదే వరస. ఎన్నికలయ్యేదాకా చుక్కి రెండు పూటలా బిందె నింపింది.

"ఓట్లు ఏడాదికోసారన్న పెట్టొద్దా సర్కారోళ్లు?" అన్నది నర్సింగమ్మ.

ఓట్లేసి వచ్చాక ఇద్దరూ వచ్చి, బర్రె ఎవరికి వేయమన్నదని అడిగారు. "అది రహస్యం. చెప్పొద్దన్నది" అన్నాడు గండయ్య. ఓడినాయన కూడా గండయ్యను ఏమీ అనలేదు. చుక్కిని మాత్రం, తిన్న విశ్వాసం లేని జాతి అన్నాడు.

కురుమయ్య, కాటమయ్య అన్నదమ్ములు. వేరుపడ్డప్పుడు అన్నీ సమంగా పంచుకుని, జత ఎడ్లను కూడా చెరొకటి తీసుకున్నారు. వానపడి దున్నే వేళకు ఇద్దరి దగ్గరా ఒక్కొక్క ఎద్దే ఉంది. నీ ఎద్దు నాకివ్వు అంటే నీది నాకివ్వు అని వాకిళ్లలో నిలబడి అరుచుకున్నారు. చివరికి గండయ్య దగ్గరికొచ్చారు.

గండయ్య కొట్టంలోకి వెళ్లి వచ్చాడు. "ఎడ్లు వేరుపడలేదట. మీరే వేరుపడ్డరట. ఈ కార్తె దాటేదాక రెండు చెలకలూ కలిపే దున్నుమన్నది. ముందుగాల తమ్మునిది."

"నాది ముందుగాల ఎందుకు కాదు?" అని ఎగిరాడు పెద్దవాడు కురుమయ్య.

"నాకేం ఎరుక? దాన్నడుగు."

కురుమయ్య నిజంగానే కొట్టం దాకా వెళ్లి, "నువ్వు బర్రెవా, పెద్ద పటేలువా?" అని చుక్కిని తిట్టాడు. మట్టిగడ్డ తీసి విసిరాడు కూడా. అది తడికెకు తగిలింది. గండయ్యకు కోపం రాకపోగా, కొంచెం సంతోషించినట్టే కనిపించాడు. మర్నాడు పొద్దున అన్నదమ్ములు మొహాలు చెరో దిక్కు తిప్పుకుని ఒకే నాగలి వెనక నడిచారు.

రాజమణికి ఇవన్నీ చూస్తే ఒళ్లు మండేది. పుట్టింటికి పోతానంటే బర్రె పొమ్మనాలి, కొత్త చాట కొనాలంటే బర్రె కొనమనాలి. ఆమె ఏనాడూ చుక్కితో పాలు పిండేటప్పటి అదిలింపు తప్ప ఒక్క మాట మాట్లాడలేదు. పంతం.

ఏళ్లు గడిచాయి. రాజమణికి కొడుకు పుట్టాడు, జొన్నగటక తినే వయసుకొచ్చాడు. అప్పుడొచ్చింది కరువు. మృగశిర పొడిగా పోయింది. తరవాతి కార్తెలూ దానివెంటే పోయాయి. గుట్టల మీద గడ్డే కాదు, గడ్డి ఉండేదన్న ఆనవాలు కూడా లేదు. ఇంటి కప్పు మీద గడ్డిని పీకి పశువులకు వేసినవాళ్లున్నారు. గండయ్య ఎడ్లూ ఆవులూ ఒక్కొక్కటే అంగడికి పోయాయి. చివరికి చుక్కి, దాని దుడ్డె మిగిలాయి. ఈనిన బర్రె కాబట్టి అది పాలిస్తున్నది. ఆ పాల మీద వచ్చే నెయ్యే ఇంటికి ఆధారం. అమ్మిన ఎడ్ల డబ్బుతోనే దానికి ఇంత చొప్ప, పల్లిచెక్క కొని వేస్తున్నారు.

బేరగాడు ఇంటికే వచ్చాడు. నర్సింగమ్మ, "ఇచ్చెయ్యరాదు? దాన్ని సాకుడు మన వల్ల అయితదా?" అన్నది.

గండయ్య కొట్టంలోకి వెళ్లి వచ్చాడు. "పోనన్నది."

"ఏ బర్రె పోతనంటదయ్యా!" అని నెత్తి కొట్టుకుంది నర్సింగమ్మ.

వెనక వాడలో బాలయ్యది సాలోళ్ల ఇల్లు. చేనేత సంఘంలో నూలు లేక అతని మగ్గం ఆగిపోయి నెల దాటింది. భార్య శ్యామలమ్మ అప్పుడే ప్రసవించింది. ఆమెకే తిండి లేదు, ఇక పాలెక్కడివి? పసిదాని ఏడుపు పొద్దంతా వినిపించేది. రాజమణి నీళ్లకు పోతూ చూస్తే, శ్యామలమ్మ గుడ్డపేలిక బెల్లం నీళ్లలో ముంచి పిల్ల నోట్లో పెడుతున్నది.

రాజమణి ఇంటికొచ్చి చెంబుడు పాలు పట్టుకుని పోయింది. బాలయ్య గుమ్మంలోనే నిలబడ్డాడు. అతని సంగతి ఊరందరికీ తెలుసు. అంతకుముందు పటేలు జొన్నలు పంపిస్తే, మోసుకొచ్చిన మనిషికి మంచినీళ్లిచ్చి, ఆ జొన్నలు అతని నెత్తికే ఎత్తి సాగనంపాడు.

"మేమేమన్న అడిగినమా చెల్లె?" అన్నాడు.

"అడగలేదన్నా. పిల్ల ఏడుస్తాంది గదా అని…"

"పిల్లలు ఏడుస్తరు" అన్నాడు బాలయ్య మెల్లగా. అతని కళ్లు చెంబు మీదే ఉన్నాయి. "తీస్కపో చెల్లె. మళ్ల తిరిగియ్యనీకి నా తాన ఏం లేదు."

రాజమణి చెంబుతో వెనక్కి వచ్చి, కొట్టం ముందు కూర్చుని జరిగింది చెప్పింది. చెబుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. గండయ్య లేచి కొట్టంలోకి వెళ్లాడు. పిల్ల ప్రాణం పోతుంటే కూడా బర్రెతోటే ముచ్చటా అని రాజమణికి ఏడుపు పోయి కోపమొచ్చింది.

తెల్లవారి పాలు పిండడానికి కూర్చుంది. పొదుగు మీద చేయి వేయగానే పాలు దిగాయి. ముంతలో మొదటి ధార చుయ్యిమన్నది.

"పాలు సేపుతలేదు" అన్నాడు గండయ్య వెనక నిలబడి.

"సేపింది మామా. ముంతల పడుతున్నయి చూడు."

"సేపలే. బర్రె ఇయ్యనంటాంది. దానికంటె నీకు ఎక్కువెరుకనా?" అని చుక్కి పలుపు విప్పాడు. "ముంత పట్టుకుని రా."

ముందు గండయ్య, అతని వెనక చుక్కి, తల్లి వెనక దుడ్డె, అందరి వెనక ముంతతో రాజమణి. వాడలో జనం ముగ్గులు ఆపి చూశారు. ఊరేగింపు బాలయ్య వాకిట్లో ఆగింది.

"బాలయ్యా, నీతోటి చెప్పుకోవాలంటె సిగ్గయితాంది" అన్నాడు గండయ్య.

"ఏమైందే?"

"నా బర్రె పాలిస్తలేదు."

"నేనేం జెయ్యాలె? బట్ట నేసేటోణ్ని."

"గదే. ఏమైంది నీకు అని అడిగిన. మగ్గం చప్పుడు ఇనక ఒంట్లె బాగుంటలేదట. గా చప్పుడు ఇంటె తప్ప సేపనంటాంది."

బాలయ్య చుక్కిని చూశాడు. చుక్కి బాలయ్యను చూసింది.

"నూలు లేదు. మగ్గం ఆడుతలేదు."

"దానికి నూలెందుకు? అదేం చీర కడతదా? ఉత్తగ కొట్టినా చాలట."

వాకిట్లో జనం పోగయ్యారు. పక్కింటి ముసలామె, "కొట్టరాదు బాలయ్యా, నోరులేని జీవి" అన్నది. బాలయ్యకు మరో దారి లేకపోయింది. లోపలికి వెళ్లి మగ్గం గుంటలో దిగి, నూలు లేని మగ్గాన్ని ఆడించాడు. టకటకమని చప్పుడొచ్చింది. గండయ్య సైగ చేశాడు. రాజమణి కూర్చుని పిండింది. పాలు రాకేం చేస్తాయి?

ముంత నిండాక గండయ్య అందులోంచి శ్యామలమ్మ గిన్నెలో పోయబోయాడు. బాలయ్య బయటికొచ్చాడు. "ఇదేంది?"

"కిరాయి."

"దేనికి?"

"నీ జాగల కట్టేసినం, నీ మగ్గం ఆడించినం. ఉత్తగనే పోతే బాగుండదన్నది. కిరాయి ఇయ్యకుంటె రేపు రానన్నది."

"వద్దు గండయ్యా."

"నాకేం చెప్తవు? దానికి చెప్పుకో."

బాలయ్య ఊళ్లో ఏ మనిషినైనా వద్దనగలడు. బర్రెను వద్దనడం అతనికి అలవాటు లేదు. లోపల పిల్ల ఏడ్చింది. శ్యామలమ్మ వచ్చి గిన్నె అందుకుని, ఎవరి మొహమూ చూడకుండా, వెళుతూ వెళుతూ చుక్కి వీపు నిమిరి పోయింది.

రాజమణి ముంత పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. తెచ్చిన చెంబు నిన్న ఎందుకు వెనక్కి వచ్చిందో, ఇవాళ గిన్నె ఎందుకు లోపలికి పోయిందో ఆమెకు ఒక్కసారిగా అర్థమైంది. మనిషి ఇస్తే తీసుకున్నవాడి తల వంగుతుంది. బర్రె ఇస్తే ఎవరి తలా వంగనక్కర్లేదు. మట్టిగడ్డ వచ్చిందీ దాని మీదికే, తిట్లు తిన్నదీ అదే. దానికేమీ పట్టదు. నెమరేస్తుంది.

ఆ రోజునుంచి రోజూ పొద్దున అదే పని. పొరుగూరివాళ్లు దారినపోతూ ఆగి, "బాలయ్యకు నూలొచ్చిందా?" అనేవారు. "రాలే. బర్రెకు మగ్గమాడిస్తుండు" అని ఊళ్లోవాళ్లు చెప్పేవారు. ఇందులో విడ్డూరమేముందన్నట్టే చెప్పేవారు.

ఒకనాడు బాలయ్యకు దగ్గు తెర వచ్చి మగ్గం మధ్యలో ఆగింది. చుక్కి ఆ సంగతి గమనించలేదు. పాలు ఇస్తూనే ఉంది. బాలయ్య దగ్గుకుంటూ గుమ్మంలోకి వస్తున్నాడు. రాజమణి చప్పున పొదుగు మీంచి చేతులు తీసి, "ఆపిందన్నా! జర కొట్టు!" అని కేక పెట్టింది. బాలయ్య పరుగున మగ్గం గుంటలో దూకాడు. గండయ్య కోడలి వైపు చూశాడు. ఆ పూట చుక్కి మేతలోంచి కాస్త పల్లిచెక్క తీసి మనవడి చేతిలో పెట్టాడు.

సగం పాలు కిరాయికే పోతుండడంతో ఇంట్లో నెయ్యి తగ్గింది. నర్సింగమ్మ నోరు మెదపకపోవడం రాజమణికి వింతగా తోచింది.

"అత్తా, నీకు ముందే ఎరుకనా?"

"ఏది?"

"బర్రె మాట్లాడదని."

నర్సింగమ్మ చల్ల చిలకడం ఆపకుండానే చెప్పింది. "నేనొచ్చిన కొత్తల బర్రె లేదు. ఎద్దునడుగుతుండె. పెండ్లాన్ని, నన్నడగవా అని కొట్లాటకు దిగిన. ఏమన్నడెరుకనా? 'నీ పేరు చెప్తె ఊరంత నిన్ను తిడతది. ఎద్దునైతె తిట్టనీ' అన్నడు." చిలుకుతున్న చేయి కాస్త నెమ్మదించింది. "అప్పటిసంది నేనేమంటలేను. మీదికి మాత్రం నాలుగు మాటలంట. అనకుంటె ఊరోళ్లకు అనుమానమొస్తది."

మరుసటి ఏడు వానలు సకాలంలో పడ్డాయి. గుట్టలు పచ్చబడ్డాయి. సంఘానికి నూలొచ్చింది. బాలయ్య మగ్గం నిజంగా ఆడింది. చుక్కి తోక పట్టుకుని నిలబడడం అతని కూతురు నేర్చింది.

ఒక సాయంత్రం బాలయ్య గండయ్య ఇంటికి వచ్చాడు. చంకలో మడత పెట్టిన కొత్త చీర. మిరపపండు రంగు, పచ్చ అంచు. గండయ్య లేచి నిలబడి, "ఏందిది బాలయ్యా? నాకేమియ్యొద్దు" అన్నాడు కంగారుగా.

"నీకెవరిస్తున్నరు?" అన్నాడు బాలయ్య. "చుక్కికి తెచ్చిన. కిరాయి ఎక్కువ తీసుకున్న, అది సరిజేస్తున్న."

"బర్రె చీరేం కడతది?"

"కట్టదని నాకెరుకే. ఎవరికియ్యాల్నో దాన్నడిగి చెప్పు. నేనీడ కూసుంట."

గండయ్య కోడలిని చూశాడు, భార్యను చూశాడు. జీవితంలో మొదటిసారి కొట్టంలోకి పోవడానికి వెనకాడాడు. అయినా వెళ్లాడు. ఎంతసేపటికీ బయటికి రాలేదు.

"నువ్వు జరుగు, నేనడుగుత" అంటూ నర్సింగమ్మ లోపలికి పోయింది. పోయినంత వేగంగా వచ్చింది. "కోడలికియ్యమన్నది."

రాజమణి చేతిలో చాట కింద పెట్టింది. ఏనాడూ చుక్కితో ముచ్చట పెట్టని మనిషి కొట్టంలోకి నడిచింది. మెడ కింద గోకింది, చెవి దగ్గర వంగింది, తల పంకించి బయటికొచ్చింది. "అత్తకియ్యమన్నది."

"నాతోటి నీకన్నది!"

"నాతోటి నీకన్నదత్తా!"

గండయ్య కొట్టం గుమ్మంలో నిలబడి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అతనికి నిజంగానే కోపం వచ్చింది.

"మీ ఇద్దరిల ఒకలు అబద్ధమాడుతుండ్రు" అన్నాడు. "నా బర్రె రెండు మాటలు చెప్పేది కాదు."